క్లాసు బ్లాగుతో ఇంగ్లీషు పుస్తకాలు చదివించడం: కొన్నేళ్లు వాడాక నా మాట

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు ఈ పని మొదలుపెట్టాను. ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చదువుకోవాలి, దాని గురించి క్లాసు బ్లాగులో నాలుగు ముక్కలు రాయాలి. మార్కులేమీ లేవు. వాడింది బ్లాగర్, అంటే బ్లాగు పెట్టుకునే సైటు. గూగుల్‌ది, పైసా ఖర్చు లేదు. నాకు తేలిందేమిటంటే, నా కోసం రాసినంత కాలం పిల్లలు గైడు భాషే రాశారు. పక్క బెంచీ వాళ్లు చదువుతున్నారని తెలిశాకే పుస్తకాలు నిజంగా తెరిచారు.

మొదటి నెలల్లో ప్రతి పోస్టూ ఒకేలా ముగిసేది: 'ది మోరల్ ఆఫ్ ద స్టోరీ ఈజ్...' నాన్-డీటెయిల్డ్ (ఇంగ్లీషు ఉపవాచకం) చదివి చదివి పట్టుకున్న జబ్బు అది. నీతి రాస్తే పోస్టు వెయ్యనని చెప్పేశాను. దాని బదులు రెండే అడిగాను. ఏ పేజీలో ఆగావు? ఏది అర్థం కాలేదు? ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబుల్లోనే వాళ్ల సొంత ఇంగ్లీషు కనపడింది.

2022 జూలైలో గోదావరి పొంగి లంకలు (ఏటి మధ్య దీవులు) మునిగాయి. నీళ్లు తీశాక లంక నుంచి పంటు (ఏరు దాటించే పడవ) మీద వచ్చే కుర్రాడొకడు, దీవిలో ఒంటరిగా చిక్కుకున్న నావికుడి కథ (సంక్షిప్త ప్రతి, మా లైబ్రరీ బీరువాలోది) చదివి రాశాడు: 'హి హ్యాజ్ నో బోట్. వియ్ హ్యావ్ బోట్. బట్ వాటర్ ఈజ్ ఫాస్ట్.' మూడు ముక్కలు, అంతే. కింద కామెంట్లు మొదలయ్యాయి. అన్నం ఎలా వండుకున్నారని ఒకరు, మీ మేకలేమయ్యాయని ఇంకొకరు. వాడి జవాబు: మా మేకలు డాబా మీద ఉన్నాయి, అతని మేకల సంగతి పుస్తకంలో చూడండి. ఉన్నది ఒక్కటే ప్రతి. మర్నాడు లైబ్రరీ పీరియడ్‌లో దాని కోసం పేర్లు రాసుకోవాల్సి వచ్చింది. పాఠం చెప్పి నేను అంత ఆరాటం ఎప్పుడూ పుట్టించలేదు.

పుస్తకాలు ఎక్కడివంటారా? బీరువాలో ఉన్నవి కొన్ని. మిగతావి ఎక్కువగా, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ నుంచి. 2015లో మొదలైన సైటు అది. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి, దించుకోవచ్చు, స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి ప్రింటు తీసి పంచుకున్నా ఇబ్బంది లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు రెండో స్థాయి బొమ్మల కథ ఇస్తే నామోషీగా ఉంటుంది. ఒక అమ్మాయి దానికి తనే దారి కనిపెట్టింది. తమ్ముడికి చదివి వినిపిస్తున్నానని చెప్పి, వాడేమన్నాడో పోస్టులో రాసింది. ఆ తర్వాత క్లాసులో చాలామందికి ఉన్నట్టుండి తమ్ముళ్లూ చెల్లెళ్లూ గుర్తొచ్చారు!

ఇక బ్లాగర్ సంగతి. గూగుల్ ఖాతాకు పదమూడేళ్లు నిండాలి, అందరికీ నిండవు. అందుకని ఖాతా నాది ఒక్కటే. సెట్టింగుల్లో ఈమెయిల్ ద్వారా పోస్టు చేసే ఏర్పాటు ఉంది. ఒక రహస్య చిరునామా పెట్టుకుంటే దానికొచ్చిన మెయిల్ డ్రాఫ్టుగా కూర్చుంటుంది, సబ్జెక్టులో రాసిందే శీర్షిక అవుతుంది. పిల్లలు నాన్న ఫోన్ నుంచి పంపుతారు, నేను చూసి వదులుతాను. ఒక చిక్కుంది. మెయిల్ కింద సంతకం ఉంటే అదీ వచ్చేస్తుంది. కొబ్బరి వ్యాపారం చేసే ఒక నాన్నగారి పేరూ ఫోన్ నంబరూ కథ కింద ప్రత్యక్షమయ్యాయి. రాత చివర '#ఎండ్' అని ఇంగ్లీషులో కొట్టమంటే ఆ బాధ తప్పింది. ఏమైనా డ్రాఫ్టుగా ఉంచే ఆప్షనే పెట్టుకోండి, నేరుగా ప్రచురించేది వద్దు.

అసలు పేర్లు, ఫోటోలు వద్దన్నాను. మారుపేర్లు వాళ్లే పెట్టుకున్నారు: పనసతొన, పులస, కొత్తపల్లి కొబ్బరి. పూతరేకు కోసం ఇద్దరు కొట్టుకున్నారు. కామెంట్లకు ఖాతా అక్కర్లేకుండా పేరు మాత్రం ఇస్తే చాలనేలా పెట్టి, అన్నీ నా అనుమతితోనే కనబడేలా చేశాను. ఈ కాపలాకు సాయంత్రాలు బాగానే ఖర్చవుతాయి. పెద్ద క్లాసైతే ఒక్కరితో అయ్యే పని కాదు. లేబుళ్లు మాత్రం నాకు తెగ నచ్చాయి. పుస్తకం పేరే లేబుల్‌గా పెడితే దాని మీద ఎవరెవరు ఏం రాశారో ఒక్కచోటికి వస్తుంది.

తప్పులు దిద్దకుండా వేస్తానని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. 'ఏంటండీ మాస్టారూ, నలుగురూ చూసేదాంట్లో ఈ తప్పులేంటండీ' అని ఒకరు బడికే వచ్చారు. నోటుబుక్కులో ఎర్ర సిరాతో దిద్దుతున్నాను కదండీ, ఇక్కడ వదిలేయండి అన్నాను. ఒప్పుకున్నారో లేదో గానీ ఫోన్ మాత్రం ఇస్తూనే ఉన్నారు. ఫోన్ దొరకడమే అసలు కష్టం. నాన్న చేపల చెరువు కాడికి వెళ్తే ఫోనూ వెళ్తుంది. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, సెలవుల్లో చదివినవాళ్లు కాగితాల మీద రాసి ఉంచి, బడి తెరిచాక ఇచ్చారు. ఇప్పటికీ ఫోన్ లేనివాళ్లది అదే పద్ధతి. కాగితం నేను టైపు చేస్తాను.

చాట్‌జీపీటీ వచ్చాక కొన్ని పోస్టులు మరీ నున్నగా తయారయ్యాయి. పట్టుకునే పని నాకు పడలేదు. 'ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడు?' అని పులస అడిగితే పనసతొన దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆగి, పుస్తకం తీసుకెళ్లి చదివి రాసింది.

పదో తరగతికి వెళ్లాక పరీక్షల హడావిడిలో చాలామంది రాయడం మానేస్తారు. ఆపే ప్రయత్నం చెయ్యను. ఏటా వేసవిలో బ్లాగు బ్యాకప్ దించుకుని, బాగున్న పోస్టులు కామెంట్లతో సహా జిరాక్సు తీయించి బీరువాలో పెడతాను. జూన్‌లో కొత్తగా వచ్చినవాళ్లు పుస్తకం ఎంచుకునే ముందు వెతికేది ఆ కట్టనే. బైండింగు ఖర్చు నాదే, హెడ్మాస్టారి ముందు బిల్లు పెట్టాను గానీ ఇంకా కదల్లేదు.