పని పోతే వచ్చే ఈఎస్ఐ భృతి: డబ్బు సంగతి సరే, ఆ కారణం గడి సంగతేంటి?

2025 ఆగస్టులో అమెరికా వాడు మన రొయ్య మీద సుంకం 50 శాతం చేసిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో చేసే ఆడపిల్లలు, "అక్కా, నీకప్పుడు ఈఎస్ఐ నుంచి డబ్బులొచ్చాయంట కదా, మాకూ వస్తాయా?" అని అడుగుతున్నారు. వచ్చాయి, 2023లో. ఈఎస్ఐ అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, అందులో ఉన్నవాళ్ళకి పని పోతే ఇచ్చే ఈ పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. అంత పేరు నోరు తిరక్క మేం "అటల్ డబ్బులు" అనేస్తాం. వచ్చిన డబ్బు గురించి చెప్పాలంటే రెండు పేరాలు చాలు. నాకిప్పటికీ కడుపు మండేది మాత్రం ఒక చిన్న గడి గురించి. ఎక్కువగా దాని గురించే రాస్తాను. అప్లికేషన్ ఎలా పెట్టాలో ఏ నెట్ సెంటర్లో అడిగినా చెబుతారు.

నిరుద్యోగ భృతి అనగానే మనవాళ్ళకి యువనేస్తం గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 2న మొదలైంది, డిగ్రీనో డిప్లొమానో చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి నెలకు 1,000 ఇచ్చేవారు. మా తమ్ముడు కొన్నాళ్ళు తీసుకున్నాడు, తర్వాత ఆగిపోయింది. ఇది అలాంటిది కాదు. మన జీతంలోంచి నెలనెలా కోసే 0.75 శాతం, యజమాని కట్టే 3.25 శాతం కలిసిన నిధిలోంచి వచ్చేది. అందుకే కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదని నా ఉద్దేశం.

ఇక గడి. నేను గ్రేడింగ్ సెక్షన్లో సూపర్‌వైజర్‌ని. పేరుకి ప్లాంటులో పని, కాగితం మీద కాంట్రాక్టర్ మనిషిని. 2023 వానాకాలంలో ఆర్డర్లు లేవని ముందు రాత్రి షిఫ్టు తీసేశారు. ఆ తర్వాత బస్సు మా ఊరికి రావడం మానేసింది. పని పోయిందని మాకెవరూ కాగితం ఇవ్వలేదు. బస్సు రాకపోవడమే నోటీసు. సీజను మారితే పిలుస్తారేమోనని ఎదురు చూశాం, పిలవలేదు. అప్పుడు ఎవరో ఈ పథకం గురించి చెబితే ఆన్‌లైన్లో క్లెయిం పెట్టాను. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీ యజమాని నెలనెలా మిమ్మల్ని సెలవులో చూపిస్తున్నారమ్మా. సెలవులో ఉన్నవాళ్ళకి పని పోయినట్టు ఎలా అవుతుంది?"

నేను సెలవులో ఉన్నానట! ఇంట్లో గ్యాస్ బండ అప్పు తెచ్చి మార్పించుకుంటున్న మనిషిని రికార్డులో సెలవు మీద పంపించారు.

సంగతి ఏంటంటే, యజమాని ప్రతి నెలా ఈఎస్ఐ సైటులో ఒక షీటు ఎక్కిస్తాడు. ఒక్కొక్క మనిషికి ఒక వరస. నంబరు, పేరు, పని చేసిన రోజులు, జీతం. రోజులు సున్నా అయితే పక్క గడిలో కారణం వెయ్యాలి, అదీ అంకెలో. 1 అంటే సెలవు. 2 అంటే ఉద్యోగం వదిలేశారు. 3 రిటైర్మెంటు, 5 అంటే చనిపోయారు, 9 అంటే సమ్మె లేదా లాకౌటు, 10 అంటే యజమానే తీసేశాడు, 11 అంటే పని లేదు. చూశారా, మా పరిస్థితికి సరిగ్గా సరిపోయే అంకెలు రెండున్నాయి, 10, 11. మాకు వేసింది 1.

మొదట నేననుకున్నది, కావాలనే వేశారని. పదో నంబరు వేస్తే రిట్రెంచ్‌మెంటు, అంటే యజమానే పనిలోంచి తీసెయ్యడం అవుతుంది, చట్టం ప్రకారం చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం లెక్కగట్టి ఇవ్వాలి, ముందస్తు నోటీసు కూడా ఉండాలి. అది తప్పించుకోడానికని మేస్త్రి గారి మీద మండిపడ్డాను. ఆయన "నాకేం తెలుసమ్మా, ప్లాంటు వాళ్ళనడగండి" అన్నారు. ప్లాంటులో హెచ్ఆర్ అబ్బాయి "మీరు మా రోల్స్‌లోనే లేరండి" అన్నాడు. కాంట్రాక్టర్ ఫోనెత్తడు. చివరికి ఆ షీటు ఎక్కించేది కాంట్రాక్టరూ కాదు, ప్లాంటూ కాదు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు చూసే ఒక కన్సల్టెంటని తెలిసింది. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల షెడ్లు, అందరి షీట్లూ అక్కడే. మా వదిన వాళ్ళ పక్కింటి కుర్రాడు అందులో పని చేస్తాడని తెలిసి వెళ్ళాను.

ఆ కుర్రాడు కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు, నా కింద మా షెడ్డు వాళ్ళ పేర్లన్నీ వరసగా, పక్కన 1, 1, 1, 1. "ఇదేంటి నాన్నా?" అన్నాను.

"అక్కా, 1 కొడితే పక్క గడి ఖాళీగా వదిలేయొచ్చు. 2 కొడితే చివరిగా పని చేసిన తేదీ అడుగుతుంది, 10 కొట్టినా అడుగుతుంది. మీ అందరి తేదీలూ మాకెవరిచ్చారు? పదిహేనో తారీకు లోపల షీటు వెళ్ళకపోతే యజమాని మమ్మల్ని తింటాడు."

ఇంతే. కుట్ర లేదు, దురుద్దేశం లేదు. ఒక తేదీ కొట్టడానికి బద్ధకం, ఆ తేదీ పంపడానికి కాంట్రాక్టర్‌కి తీరిక లేకపోవడం. ఎవడో పగబట్టి చేసి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. పగబట్టినవాడితో పోట్లాడొచ్చు, ఖాళీ గడితో ఎవరు పోట్లాడతారు?

నన్ను గట్టెక్కించింది ఈఎస్ఐ కాదు, పీఎఫ్. ఇది నేననుకోని సంగతి. పీఎఫ్ పేరు చెబితేనే విసుక్కునేదాన్ని, ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్‌లో పొడి అక్షరం, ఆ గొడవలు అందరికీ ఉన్నవే. కానీ 2020 నుంచి వాళ్ళు ఒక మంచి పని చేశారు. యజమాని ఎగ్జిట్ డేట్, అంటే పని ఆగిన తేదీ వెయ్యకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మనమే యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) లాగిన్‌లోకి వెళ్ళి, ఆధార్ ఓటీపీతో ఆ తేదీ వేసుకోవచ్చు. మేనేజ్ అన్న చోట మార్క్ ఎగ్జిట్ అని ఉంటుంది. చివరి చందా ఏ నెలకి పడిందో ఆ నెలలో తేదీనే తీసుకుంటుంది. ఒకసారి వేశాక మనంతట మనం మార్చుకోలేం, కాబట్టి పాస్‌బుక్ పక్కన పెట్టుకుని వెయ్యండి. నేను వేశాను. ఎవరి సంతకమూ లేదు, ఎవరి దయా లేదు. ఓటీపీ వచ్చింది, తేదీ పడింది. అన్ని వారాల తిరుగుడు తర్వాత ఆ స్క్రీన్ చూసి నిజంగా కళ్ళు తుడుచుకున్నాను.

ఆ సర్వీస్ హిస్టరీ ప్రింటు తీసుకుని మళ్ళీ కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళాను. "ఇదిగో నీ తేదీ" అన్నాను. కుర్రాడు మంచివాడే, వచ్చే షీటులో నా వరసలో తేదీతో సహా 2 కొట్టాడు. పది కొట్టమంటే "యజమాని ఒప్పుకోడక్కా" అన్నాడు. ఈ 2 దగ్గర కూడా చిన్న మెలిక ఉంది. తనంతట తను మానేసినవాళ్ళకి, క్రమశిక్షణ కింద తీసేసినవాళ్ళకి ఈ భృతి రాదు. ఆఫీసులో సారు "మీరే మానేశారా అమ్మా?" అని అడిగారు. బస్సు సంగతి చెప్పాను. ఆయన కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే, నా ఫోనెత్తని మనిషి ఆఫీసు ఫోను ఎత్తి "పని లేకే సార్" అన్నాడు. క్లెయిం ముందుకి కదిలింది.

తొంభై రోజుల భృతి డబ్బు ఒకేసారి నా ఖాతాలో పడింది. మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. నెట్ సెంటర్లో అబ్బాయి స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలని నోటరీ దగ్గరికి పంపబోయాడు. కాగితాలు స్కాన్ చేసి ఎక్కిస్తే ఆ అఫిడవిట్ అక్కర్లేదని 2020 చివర్లోనే చెప్పారు, అతనికి తెలీదు. భృతి తీసుకున్న ఆ 90 రోజులూ ఈఎస్ఐ వైద్యం కూడా నడిచింది, మా అత్తయ్యకి షుగరు మాత్రలు ఆగలేదు. అప్పట్లో నేను కనపడిన ప్రతివాళ్ళకీ ఈ పథకం గొప్పదని చెప్పాను. చాలామంది నా మాట మీదే అప్లై చేశారు.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. సగం జీతం ఇస్తారంటే, రోజుకి 500 కదా, 250 చొప్పున 22,500 వస్తుందని లెక్కేసుకున్నాను. లెక్క అలా కాదు. వెనకటి రెండేళ్ళలో వచ్చిన మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు, ఆదివారాలూ, పని లేని రోజులూ అన్నీ కలిపి. మా పనిలో అన్ని నెలలూ ఒక్కలా ఉండవు. సరుకు తగ్గిన నెలల్లో పదేసి రోజులే పని. రెండేళ్ళకి నాది 2,70,000 దగ్గర తేలింది. రోజుకి 370, అందులో సగం 185, తొంభై రోజులకి 16,600 పైచిలుకు. 2018లో మొదలైనప్పుడు 25 శాతమే ఇచ్చేవారు, 2020లో సగానికి పెంచారు, పని పోయాక క్లెయింకి 90 రోజులు ఆగాల్సింది అప్పుడే 30 రోజులు చేశారు. ఆ పాత లెక్కైతే నాకు ఎనిమిది వేల చిల్లర వచ్చేది. అది తలుచుకుని సర్దుకోవాలి.

వలుపు దగ్గర, అంటే రొయ్య తొక్క తీసే చోట, కేజీ లెక్కన చేసే వాళ్ళ సంగతి ఇంకా కష్టం. రెండేళ్ళు ఈఎస్ఐలో ఉండాలి, పని పోకముందు ఆరునెలల చందా కాలంలో 78 రోజులకి చందా పడాలి, దాని ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో మళ్ళీ 78 పడాలి. రోజు లెక్కన జీతం కాబట్టి నాకు పడ్డాయి. మా షెడ్డులో వలుపు చేసినవాళ్ళలో సగం మందికి పడలేదు. ప్లాంటుకి రోజూ వచ్చినవాళ్ళే, షీటులో మాత్రం రోజులు తక్కువ.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఈ 90 రోజులు జీవితానికి ఒక్కసారే. నేను 2023లోనే వాడేశాను. ఆ 2025 సుంకాల దెబ్బకి మళ్ళీ షిఫ్టులు తగ్గించారు, రేపు బస్సు ఆగితే నాకు ఈ దారి లేదు. అప్పుడు ఆనందంగా తీసుకున్న డబ్బు ఇప్పుడు గుర్తొస్తే కొంచెం గుబులు.

మా మేనమామ వాళ్ళది అంతర్వేది వైపు, సముద్రం మీద వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, దానికి భృతి 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. ఆయన అంటాడు, "మాకు కారణం ఎవరూ అడగరే, పడవలు ఒడ్డుకొచ్చిన తేదీ ప్రభుత్వానికే తెలుసు" అని. జాబితాలో పేరు లేదని వాళ్ళకీ ఏదో ఒక పేచీ ఉంటుంది గానీ, మాలాగా ఖాళీగా ఉన్నామని రుజువు చేసుకోనక్కర్లేదు.

మరి తీసుకోవాలా వద్దా అంటే, నా మాట పూర్తిగా నమ్మకండి. మా ఆయనకి కొబ్బరి దింపు పని ఉంది, ఇంటి అద్దె లేదు, బియ్యం పుట్టింటి నుంచి వస్తాయి. నేను ఆ నెలల్లో లేసు కూడా అల్లాను. దానికి గంటకి ఎంత గిట్టుతుందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని ఉద్యోగం అనరు లెండి. అందుకే నెలల తరబడి తిరగగలిగాను. అద్దె ఇల్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు ఈ డబ్బు కోసం ఎదురుచూస్తూ ఆగలేరు. పీఎఫ్ సొమ్ము తీసుకుని గడుపుకుందామన్నా, పని పోతే మొత్తం తీసుకోడానికి నాకు సరిపోయిన రెండు నెలల గడువుని 12 నెలలు చెయ్యాలని 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు నిర్ణయించింది, 75 శాతం మాత్రం ముందే తీసుకోవచ్చట. అది ఆలోచించుకుని ఎగ్జిట్ తేదీ వేసుకోండి. ఏడాది లోపలే ఇంకో ప్లాంటులో చేరేలా ఉంటే ఈ 90 రోజులు ఇప్పుడే వాడెయ్యాలా అన్నది కూడా మీ ఇంటి లెక్కని బట్టే.

ఫోన్ చేసిన పిల్లలకి నేను చెబుతున్నది మాత్రం ఒకటే. బస్సు ఆగిన నెలలోనే మీ ఈఎస్ఐ లెక్కలు ఎవరు ఎక్కిస్తారో కనుక్కోండి. మీ లాగిన్‌లో రోజులూ జీతమూ చూసుకుని ఊరుకోకండి, ఆ మనిషి దగ్గర కూర్చుని మీ వరసలో ఏ అంకె ఉందో కళ్ళారా చూడండి, చివరి తేదీ చీటీ మీద రాసివ్వండి. పదిహేనో తారీకు ముందే వెళ్ళండి. దాటితే మళ్ళీ నెల ఆగాలి, ఆ నెలంతా మీరు సెలవులో ఉన్నట్టే.