ఎఫ్-150, సిల్వరాడో, టండ్రా, రామ్: ఏ ట్రక్ మేలు?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్ల ముందు క్యామ్రీలు, హైలాండర్ల పక్కన పికప్ ట్రక్కులు కూడా కనపడటం మొదలయ్యాక నన్ను అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ ట్రక్ తీసుకోమంటావ్?" నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు, "టండ్రానే కదా, టొయోటా అయితే టెన్షన్ ఉండదు" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తే పోతుందని కూర్చున్నాను. నేను ఈమధ్యే ఒకటి కొన్నాను, వాడిన బండి, హెమీ అనే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉన్న రామ్ 1500. నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోయింది కాబట్టి ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మనలో చాలామందికి ట్రక్ అంటే బరువులు లాగే బండి కాదు, ఇంటి బండి. వారమంతా ఆఫీసు, పిల్లల స్కూలు, శనివారం హోమ్ డిపో నుంచి మట్టి బస్తాలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లను ఎక్కించుకుని గాల్వెస్టన్ బీచ్ దాకా. వెనక సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. పెద్ద బోటో, గుర్రాల ట్రైలరో లాగేవాళ్ల లెక్కలు వేరు, వాళ్లకు ఇది పనికిరాదు. నేను చెప్పేదంతా క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల క్యాబిన్), అయిదున్నర అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి), మామూలు ట్రిమ్ (హంగుల స్థాయి) గురించి.

ఏ బ్రాండ్ నమ్మకమైనది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ ఇంజిన్, ఏ సంవత్సరం అని అడిగితే ఉంది. వంద బండ్లకు ఇన్ని సమస్యలు అని లెక్కపెట్టే సర్వేల్లో స్క్రీన్ హ్యాంగ్ అవడం ఒక సమస్య, హైవే మీద ఇంజిన్ పట్టేయడం కూడా ఒక సమస్యే. నాకు మాత్రం ఆ రెండూ ఒకటి కాదు. బ్లూటూత్ కలవకపోతే తిట్టుకుంటూ ఇంటికి వస్తాం. పిల్లల్ని ఎక్కించుకుని 75 మైళ్ల స్పీడులో పోతుంటే ఇంజిన్ ఆగిపోవడం అలాంటిది కాదు. అందుకని నేను చూసేది ఎన్నిసార్లు చెడుతుందని కాదు, చెడితే ఏది చెడుతుంది, ముందుగా ఏమైనా చెప్పి చెడుతుందా, మన ఊళ్లో మామూలు మెకానిక్ బాగుచేయగలడా అన్నది.

ఈ లెక్కన టండ్రాతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మనవాళ్ల నమ్మకమంతా అక్కడే ఉంది. 2021 దాకా వచ్చిన 5.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) టండ్రాకు ఆ పేరు ఊరికే రాలేదు. గ్యాస్ (పెట్రోలు) తాగేస్తుంది, లోపల పాతకాలం డ్యాష్‌బోర్డు, కానీ ఇంజిన్ మాత్రం మొండిది. లూసియానాలో ఒకాయన 2007 టండ్రాను పది లక్షల మైళ్లు నడిపితే 2016లో కంపెనీయే ఆ బండి తీసుకుని కొత్తది చేతికిచ్చింది. 2022లో మోడల్ మొత్తం మారింది. వీ8 పోయి 3.4 లీటర్ల ట్విన్ టర్బో (రెండు టర్బోలున్న) వీ6 వచ్చింది. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఇంజిన్‌లో ఉండిపోయి బేరింగులు దెబ్బతింటున్నాయని 2024లో 2022-23 మోడల్ బండ్లను లక్షకు పైగా వెనక్కి పిలిచి ఇంజిన్లే మార్చడం మొదలుపెట్టారు. 2025 చివర్లో ఆ జాబితాలో ఇంకో లక్షకు పైగా చేరాయి. పది లక్షల మైళ్ల కథ విని 2022 టండ్రా కొనడమంటే తాతను చూసి మనవడికి పిల్లనివ్వడమే. పాత వీ8 టండ్రా మంచి కండిషన్‌లో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. కొత్తది కావాలంటే ఆ గొడవ పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగండి.

జీఎం (జనరల్ మోటార్స్) వాళ్లవి రెండు పేర్లు, సిల్వరాడో, సియెరా. కింద బండి ఒకటే, సియెరాకు హంగులు, ధర ఎక్కువ. ఇక్కడ తమాషా ఏంటంటే ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకే తిప్పలు వచ్చాయి. డెనాలీ, హై కంట్రీ లాంటి ఖరీదైన ట్రిమ్ములలో ఎక్కువగా కనిపించే 6.2 లీటర్ల వీ8లో క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలు బయటపడి 2025 ఏప్రిల్‌లో దాదాపు ఆరు లక్షల బండ్లకు రీకాల్ వచ్చింది, అంటే కంపెనీయే వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 మోడళ్ల దాకా, ట్రక్కులతో పాటు టాహో, యూకాన్ లాంటి పెద్ద ఎస్‌యూవీలు కూడా అందులో ఉన్నాయి. పరీక్షలో తప్పిన ఇంజిన్ మారుస్తారు, నెగ్గినదానికి 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి పంపిస్తారు. రెండో రకం బండి వాడినదిగా మీ దగ్గరకు వస్తే మీరే ఆలోచించుకోండి. 5.3 వీ8 అంతకంటే నయం, కానీ గ్యాస్ ఆదా కోసం నడిచేటప్పుడు కొన్ని సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంది చూశారా, దాని లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే భాగాలు) పోయే జబ్బు ఎప్పటినుంచో ఉంది. జీఎంలో నాకు నచ్చింది 3.0 డ్యూరామ్యాక్స్ డీజిల్. నున్నగా నడుస్తుంది, హైవే మీద గ్యాలన్‌కు 25 మైళ్లు దాటుతుంది. రోజూ డెంటన్ నుంచి ఫోర్ట్ వర్త్ దాకా పోయి వచ్చేవాళ్లు తప్పకుండా చూడాల్సిన బండి. ఇంటి నుంచి స్కూలు, స్కూలు నుంచి ఇల్లు అనే రెండు మైళ్ల ప్రయాణాలకు మాత్రం డీజిల్ వద్దు, పొగ వడపోసే ఫిల్టర్ శుభ్రపడేంత వేడి ఎప్పటికీ ఎక్కదు.

ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచీ అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోతున్న ట్రక్. దీనివల్ల మనకు ఒరిగేది ఏంటంటే పార్టులు ప్రతి మూలా దొరుకుతాయి, ప్రతి మెకానిక్ దాని పొట్ట విప్పి చూసినవాడే. ఎఫ్-150లో నేనైతే 5.0 లీటర్ల వీ8 తీసుకుంటాను, టర్బోల జోలికి పోను. 3.5 లీటర్ల టర్బో ఇంజిన్ ఎకోబూస్ట్‌లో 2017-20 మధ్య వచ్చిన వాటికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గలగలమనే క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయం మార్చే భాగాల) గొడవ ఉంది, 2.7లో 2021-22 బండ్లు కొన్నిటికి ఇన్‌టేక్ వాల్వులు విరిగిపోతున్నాయని రీకాల్ వచ్చింది. 2021 నుంచి వచ్చిన వాటిలో ఏ ఇంజిన్ తీసుకున్నా పది గేర్ల ట్రాన్స్‌మిషన్ తప్పదు, అది తక్కువ గేర్లలో ఒక్కోసారి వెనకనుంచి ఎవరో తోసినట్టు కుదుపుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఇరవై మైళ్ల స్పీడులో ట్రాఫిక్‌లో నడిపి చూస్తే తెలిసిపోతుంది, హైవే మీద తెలియదు. హైబ్రిడ్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. 7.2 కిలోవాట్ల జనరేటర్ ఉన్న హైబ్రిడ్ ఎఫ్-150లు 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ అంతా కరెంటు లేక వణుకుతుంటే కొందరి ఇళ్లలో హీటర్లు నడిపించాయి. ఆ వారం ఇక్కడ ఉన్నవాళ్లకు ఆ ఒక్క కారణం చాలు.

ఇక రామ్. చెడిపోయే బండి అని దానికి పేరుంది, ఆ పేరు పూర్తిగా అబద్ధమూ కాదు. పెద్ద స్క్రీను అంచుల్లో పొర లేచిపోవడం నుంచి ఎలక్ట్రికల్ చికాకుల దాకా చాలానే ఉన్నాయి. అయినా నేను దాన్నే ఎంచుకోవడానికి కారణం 5.7 హెమీ. 2003 మోడల్ నుంచి ఉన్న ఇంజిన్, మధ్యలో మార్పులు చేశారు గానీ దాని జబ్బులు ఏవో, వాటికి మందేదో ఇన్నేళ్లలో అందరికీ తెలిసిపోయింది. ముఖ్యమైనవి రెండే: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) బోల్టులు విరగడం, లిఫ్టర్ పోయి క్యామ్‌షాఫ్ట్‌ను అరగదీయడం. మొదటిది చిన్న ఖర్చు, రెండోది పెద్ద ఖర్చు, రెండూ చాలావరకు ముందు చప్పుడు చేస్తాయి.

వాడిన హెమీ చూడ్డానికి వెళ్లేటప్పుడు డీలర్‌కు ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగి వచ్చేయండి. చల్లగా ఉంటే బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయించి, ముందు చక్రం పైన చెవి పెట్టి వినండి. టిక్ టిక్ మని వినిపించి, ఇంజిన్ వేడెక్కాక కొద్ది నిమిషాల్లో ఆగిపోతే అది మానిఫోల్డ్ బోల్టు. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుపోతుంది కాబట్టి చప్పుడు పోతుంది, దాన్ని చూపించి ధర తగ్గించమని అడగొచ్చు. వేడెక్కినా టిక్ టిక్ ఆగకపోతే లిఫ్టర్ అని అనుమానించాలి. అప్పుడు బేరం కూడా ఆడకుండా బయటికి వచ్చేయండి.

2025 మోడల్‌కు హెమీని తీసేసి 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇన్‌లైన్ సిక్స్ (వరసగా ఆరు సిలిండర్లు) పెట్టారు, కొనేవాళ్లు గోల చేస్తే 2026కు హెమీని మళ్లీ తెచ్చారు. 2026 బండ్లకు మొదటి యజమానికి పదేళ్లు లేదా లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్) వారంటీ కూడా ఇచ్చారు. ఫోర్డ్, టొయోటా ఇచ్చేది అయిదేళ్లు లేదా 60 వేల మైళ్లే. కొత్త బండే కావాలంటే ఈ తేడా చిన్నదేం కాదు.

సౌకర్యం దగ్గరకు వస్తే మాత్రం నాకు పెద్ద సందేహం లేదు. ఫోర్డ్, జీఎం ట్రక్కుల వెనక ఇరుసు మీద ఇప్పటికీ మన లారీల కింద ఉండే కమాన్ పట్టీలే. బరువు ఉన్నప్పుడు బాగా మోస్తాయి, ఖాళీ బెడ్‌తో పోతే ఎగురుతాయి, మన బెడ్ ఏమో ఎప్పుడూ ఖాళీయే. రామ్‌కు 2009 నుంచీ వెనక కాయిల్ స్ప్రింగులు, టండ్రాకు 2022 నుంచి. డాలస్ సిమెంటు రోడ్ల అతుకుల మీద టప్ టప్ మని పోయేటప్పుడు ఈ తేడా డ్రైవర్ కంటే వెనక కూర్చున్నవాళ్లకు బాగా తెలుస్తుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ మీ ఆవిడకో మీ ఆయనకో ఇచ్చి మీరు వెనక కూర్చోండి. వెనక కాళ్లు పెట్టుకునే చోటు రామ్‌లో 45 అంగుళాల పైమాట, ఎఫ్-150, సిల్వరాడోలో 43 దాటి, టండ్రాలో 41 దాటి. రామ్ వెనక సీటు కొంచెం వెనక్కి వాలుతుంది కూడా.

అమ్మ చీరతో ట్రక్ ఎక్కడం నేను చూశాను. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి తలుపు పక్క పిడి మీద వేసి, మెట్టు మీద కాలు పెట్టి, "ఒరేయ్, ఇది బండా బస్సా" అంటూ ఎక్కింది. అందుకే పక్కమెట్లు లేని ట్రక్, ఏ బ్రాండ్‌దైనా, పెద్దవాళ్లున్న ఇంటికి పనికిరాదు. రామ్‌లో ఆపినప్పుడు బండిని కిందకు దించే ఎయిర్ సస్పెన్షన్ దొరుకుతుంది, ఎక్కడం నిజంగానే తేలిక. కానీ వాడిన బండిలో దాని గాలి సంచులు కారడం మొదలైతే ఆ రిపేరు బిల్లు మీరు చూడలేరు. నేను కాయిల్ స్ప్రింగులతో సరిపెట్టుకుని మెట్లు బిగించుకున్నాను.

నిస్సాన్ టైటన్ 2024తో ఆగిపోయింది, చవగ్గా దొరుకుతుంది, ఇంజిన్ మంచిదే, తర్వాత అమ్మడం కష్టం. ఎలక్ట్రిక్ ట్రక్కుల గురించి ఇంకోసారి.

మొత్తానికి నా వరస: హెమీ రామ్, దాని వెనకే 5.0 ఎఫ్-150, రోజూ దూరం పోయేవాళ్లకైతే డ్యూరామ్యాక్స్ సిల్వరాడో. ఏది కొన్నా బండి విన్ నంబర్ (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి, రీకాల్ పనులు మిగిలి ఉన్నాయేమో చూసుకోండి, డీలర్ మాట మీద వదిలేయకండి. డీలర్ దగ్గరకు పోయేముందు టేపు తీసుకుని గరాజ్ కూడా కొలవండి. ఈ ట్రక్కులన్నీ పందొమ్మిది అడుగులు దాటి ఉంటాయి, మన గరాజులు చాలావరకు ఇరవై అడుగుల లోతు, అందులో వాటర్ హీటరో, ఫ్రిజ్జో, బియ్యం బస్తాలో ఉంటే తలుపు పడదు. అప్పుడు బండి డ్రైవ్‌వేలో ఉండాలి, మార్చి నుంచి మే దాకా ఇక్కడ పడే వడగళ్లు మీకు తెలుసు. ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం, తుప్పు పట్టదు గానీ సొట్టలు తీయడానికి ఉక్కు కంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కాంప్రహెన్సివ్ డిడక్టబుల్ (వడగళ్ల లాంటి నష్టానికి మన జేబులోంచి కట్టాల్సిన వాటా) ఎంత పెట్టుకోవాలో ఆ సంగతి గుర్తుపెట్టుకుని తేల్చుకోండి.