హిస్టరీ క్లాసులో యూరోపా యూనివర్సాలిస్ 4 పనికొస్తుందా?

హిస్టరీ క్లాసుకి గేమ్ అనగానే అందరూ సివిలైజేషన్ పేరే ఎత్తుతారు. దాని ఆరో భాగంలో క్లియోపాత్రా, టెడ్డీ రూజ్‌వెల్ట్ క్రీ.పూ. 4000లోనే ఎదురుపడతారు, సరదాగానే ఉంటుంది కానీ కాలక్రమం నేర్పడం మాట అటుంచి పిల్లలకి వచ్చింది కూడా మర్చిపోయేలా ఉంటుంది. నా ఓటు 2013లో పారడాక్స్ కంపెనీ వాళ్లు తెచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 4కే (ఒక దేశాన్ని ఎంచుకుని మ్యాపు మీద నడిపే కంప్యూటర్ గేమ్), అదీ కొన్ని షరతులతో.

ఆట 1444 నవంబర్ 11న, అంటే ఆటోమన్ టర్కులు క్రైస్తవ సైన్యాన్ని ఓడించిన వర్నా యుద్ధం జరిగిన మర్నాడు మొదలవుతుంది. ఆడటానికి బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంలో మిగిలిన ముక్క, తీసుకోండి. మ్యాపులో దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్ చుట్టూ ఆటోమన్ల రంగే, మన సైన్యం చూస్తే గుప్పెడు. 1453లో నగరం పడిపోయిందని పుస్తకంలో ఒక్క లైను చదివి వదిలేసిన పిల్లలు ఇక్కడ ఎవరితో పొత్తు పెట్టుకోవాలి, అప్పు తెచ్చి కిరాయి సైన్యాన్ని దింపితే వడ్డీ ఎవరు కడతారు అని వాదించుకుంటారు. స్పేస్ బార్ నొక్కితే ఆట ఆగిపోతుంది కాబట్టి అక్కడే ఆపి, మరి పశ్చిమం నుంచి పెద్ద సైన్యం ఎందుకు రాలేదో అడగొచ్చు.

పేచీ అంతా వ్యాపారం దగ్గరే. మ్యాపు మీద బాణాలు చూడండి, డబ్బు ఒకే వైపు పారుతుంది, చివరికి చేరేది ఇంగ్లిష్ ఛానల్, జెనోవా, వెనిస్. చైనాగా మీరెంత బాగా ఆడినా ఆ బాణం వెనక్కి తిరగదు, నిజానికి ఆ కాలంలో అమెరికా వెండి బోలెడంత చైనాకే చేరింది! పశ్చిమాఫ్రికాకి వెళ్తే బంగారం, ఏనుగు దంతాలతో పాటు బానిసలు కూడా ఒక సరుకే, ఓ చిన్న బొమ్మ, పక్కన ధర, అంతే. టీచరు నోరు విప్పకపోతే పిల్లలు లాభం లెక్క చూసుకుని ముందుకెళ్లిపోతారు. ఈ రూల్స్ ఎవరి వైపు నుంచి చూసి పెట్టారో పిల్లల చేతే రాయించండి, నాకైతే గేమ్ మొత్తంలో క్లాసుకి బాగా పనికొచ్చేది ఇదే.

ఇక షరతులు. ఆ బటన్లు, అంకెలు చూస్తే మొదట తల తిరుగుతుంది, ఒక్క పీరియడ్‌లో ఎవరికీ పట్టుబడదు. అందుకే తలా ఒక కంప్యూటర్ ఇచ్చి కూర్చోబెట్టకండి, ఒకే స్క్రీన్ మీద టీచరు ఆడాలి, నిర్ణయాలు క్లాసు తీసుకోవాలి. డీఎల్‌సీలు (విడిగా కొనుక్కునే అదనపు భాగాలు) కుప్పలుగా ఉన్నాయి, బేస్ గేమ్ చాలు. హైస్కూల్ పై తరగతులకైతే కొనండి, చిన్న క్లాసులకి మాత్రం వద్దు, వాళ్లకి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గేమ్‌లో జోన్ ఆఫ్ ఆర్క్ కథగా సాగే కాంపెయిన్ సరిపోతుంది.