మార్ష్‌మెలో పరీక్ష: ఎక్కువమందితో చేసి చూడటం మేలా, చోటు మార్చి చూడటం మేలా?

మా చెల్లెలు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, ఐదేళ్ల కూతురి ముందు ఒక సున్నుండ పెట్టింది. "పదిహేను నిమిషాలు తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తా" అని చెప్పి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ. ఆ రాత్రే నాకు ఫోన్: "దీనికి ఓపికే లేదక్కా. రేపు చదువెలా?" గొంతులో నిజంగానే టెన్షన్.

ఆ వీడియోకు మూలం మానసిక శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల బింగ్ నర్సరీ స్కూల్లో మొదలుపెట్టిన ప్రయోగాలు. అక్కడ సున్నుండ బదులు మార్ష్‌మెలో అనే మెత్తటి తీపి మిఠాయి లాంటివి పెట్టేవాళ్లు. చిన్నప్పుడు ఆగగలిగిన పిల్లలకు పెద్దయ్యాక మార్కులు బాగా వచ్చాయని 1990లో ఒక పత్రం వచ్చింది. కానీ మార్కుల లెక్కలో అసలు తేడా కనిపించిన గుంపులో 50 మంది పిల్లలు కూడా లేరు. వాళ్లు కూడా ఎక్కువగా ఆ యూనివర్సిటీ చుట్టుపక్కల కుటుంబాల వాళ్లే. మరి ఆ ఫలితం అందరికీ వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఒక దారి, ఎక్కువమందితో మళ్లీ చూడటం. 2018లో టైలర్ వాట్స్, మరో ఇద్దరు కలిసి అమెరికాలోనే 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. తల్లికి కాలేజీ డిగ్రీ లేని పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. ఆగడానికీ పదిహేనేళ్ల వయసులో చదువుకూ ఉన్న సంబంధం పాత లెక్కలో సగమే తేలింది. కుటుంబ పరిస్థితులు, చిన్ననాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండొంతులు పోయింది. "రేపు చదువెలా?" అన్న ప్రశ్నకు నేను నమ్మేది దీన్నే. ఇంత గుంపు లేకుండా అలాంటి జవాబు రాదు. కాకపోతే పిల్ల ఎందుకు తినేసిందో ఇది చెప్పదు.

అది చెప్పింది, 28 మందితో చేసిన చిన్న ప్రయోగం. 2013లో అమెరికాలోని రోచెస్టర్‌లో సెలెస్ట్ కిడ్, ఆమె తోటి పరిశోధకులు చేశారు. ముందు పిల్లలకు వాడేసిన క్రేయాన్లు ఇచ్చి, "కాసేపు ఆగితే ఇంతకన్నా మంచివి తెస్తా" అన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చిచ్చారు. మిగతా సగం మంది దగ్గరికి ఉత్తచేతులతో వచ్చి, "సారీ, లేవు" అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ ఇదే తంతు. ఆ తర్వాతే మార్ష్‌మెలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పిన చోట 3 నిమిషాలు. ఒక్కో గుంపులోని 14 మందిలో పూర్తిగా పదిహేను నిమిషాలు ఆగినవాళ్లు మాట నిలబెట్టుకున్న చోట తొమ్మిది మంది, తప్పిన చోట ఒక్కరు. ఇది చదివాక మా పిల్లని అడిగాను, ఎందుకు తినేశావని. "అన్నయ్య వచ్చేస్తే ఉండదుగా పెద్దమ్మా" అంది.

ఇక మూడోది, ఆ పరీక్షను వేరే దేశానికి తీసుకెళ్లడం. బెటీనా లామ్ బృందం కామెరూన్‌లో ఎన్‌సో రైతు కుటుంబాల నాలుగేళ్ల పిల్లలను, జర్మనీ మధ్యతరగతి పిల్లలను పోల్చింది. మార్ష్‌మెలో కాకుండా ఎక్కడి పిల్లలకు తెలిసిన తిండి అక్కడ పెట్టారు. ఎన్‌సో పిల్లల్లో 70 శాతం దాకా చివరివరకూ ఆగారు, జర్మన్ పిల్లల్లో 28 శాతం. 2022లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు మరీ నచ్చింది. జపాన్ పిల్లలు తిండి కోసం బాగా ఆగారు, గిఫ్ట్ ప్యాకెట్ ముందు ఆగలేకపోయారు. అమెరికా పిల్లలు సరిగ్గా తిరగేసి. జపాన్‌లో అందరికీ వడ్డించేదాకా తినరు, అమెరికాలో పండగ రోజు వచ్చేదాకా గిఫ్ట్ విప్పరు. పిల్లలు ఇంట్లో ఏ విషయంలో ఆగడం అలవాటు చేసుకున్నారో, పరీక్షలోనూ అందులోనే ఆగారు.

ఒక్కదానికే డబ్బు పెట్టే వీలుంటే నేను ఈ మూడో రకానికే ఇస్తాను. ఒకే దేశంలో గుంపు ఎంత పెంచినా, అది తిండి సంగతా గిఫ్ట్ సంగతా అన్న ప్రశ్నే పుట్టదు. కాకపోతే ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో ఇవి చెప్పవు. అందుకని 2018 లెక్కను వదిలేయలేను.

చెల్లెలికి ఇవన్నీ చెప్పి, కిందటి వినాయక చవితి గుర్తు చేశాను. పీట మీద ఉండ్రాళ్ల గిన్నె, దాని పక్కనే ఈ పిల్ల. కథ అయ్యి, అక్షతలు వేసి, నైవేద్యం పెట్టేదాకా గంటకు పైనే పట్టింది. గిన్నె వైపు చూస్తూనే ఉంది గానీ, చెయ్యి మాత్రం పెట్టలేదు.