పరుపు కవర్ కొనేముందు జిప్పు చూడండి: మూడేళ్లు వాడాక నా మాట

డస్ట్ మైట్లని, అంటే పరుపు దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగుల్ని, లోపలే ఆపే జిప్పు కవర్ కొనేవాళ్లందరూ బట్ట గురించే అడుగుతారు. గాలి ఆడుతుందా, చెమట పడుతుందా, పక్కకి దొర్లితే చప్పుడొస్తుందా అని. నేనూ అవే అడిగాను. మూడేళ్లు వాడాక చెబుతున్నాను, ముందు జిప్పు చూడండి. ఆ జిప్పు ఎక్కడ ఆగుతుందో ఆ మూలలో వేలు పెట్టి చూడండి.

నా బాధ పొద్దుటిది. లేవగానే పది పదిహేను తుమ్ములు, ఒకవైపు ముక్కు దిబ్బడ, కళ్ల మూలల్లో దురద. బయటికెళ్తే గంటలో సర్దుకునేది. ఏళ్ల తరబడి జలుబే అనుకున్నాను. చివరికి అలర్జీకి చర్మ పరీక్ష చేస్తే డస్ట్ మైట్ చుక్క వేసిన చోట దద్దురు లేచింది. పిల్లికీ బూజుకీ వేసిన చోట ఏమీ రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమొస్తుంది.

ఈ మైట్లు కుట్టవు. ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు, గాల్లో తేమనే పీల్చుకుంటాయి. రాత్రంతా మనం వెచ్చగా పడుకునే పరుపులో వాటికి రెండూ దొరుకుతాయి. మనకి పడనిది ముఖ్యంగా వాటి రెట్ట. ఆ రేణువులు చాలావరకు 10 మైక్రాన్లూ ఆపైన ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). కవర్ నేతలో సందులు అంతకన్నా సన్నగా ఉంటాయి కాబట్టి అవి లోపలే ఉండిపోతాయి, జిప్పు సరిగ్గా ఉన్నంతవరకు.

మొదటి కవర్ వేసిన నెలకి తుమ్ములు రెండు మూడుకి దిగాయి. ఆ సంతోషంలో కనబడ్డవాళ్లందరికీ కొనమని చెప్పాను.

రెండో ఏడు దాటాక మళ్లీ మొదలైంది. పరదాలు ఉతికాను, మంచం పక్కన తివాచీ తీసేశాను, ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాను. ప్యూరిఫయర్‌ని తప్పుపట్టను గానీ, మైట్ రేణువులు బరువైనవి. పక్క కదిలితే లేచి కాసేపట్లోనే కిందకి దిగిపోతాయి. యంత్రం దాకా వెళ్లేలోపు మన ముక్కు ఉంది కదా! రెండు నెలలు అలా గడిచాయి.

ఒక ఆదివారం పరుపు తిరగేద్దామని నేనూ మావారూ చెరోవైపు పట్టుకుని లేపాం. సరిగ్గా నా తల వైపు మూలలో జిప్పు పళ్లు విడిపోయి జానెడు మేర నోరు తెరుచుకుని ఉంది. జిప్పు రన్నర్ చివరిదాకా లాగేసే ఉంది కాబట్టి మూసినట్టే కనబడింది. ప్రతివారం దుప్పటి అంచు బిగించి ఆ మూలనే దోపేదాన్ని, ఆ లాగుడంతా జిప్పు మీదే పడింది. పరుపుని అరచేత్తో అదిమి చూశాను. సందులోంచి సన్నటి బూడిదరంగు నుసి వచ్చి తెల్ల దిండు గలీబు మీద గీతలా పడింది. అంటే నేను పక్కమీద వాలిన ప్రతిసారీ ఆ మూల కొలిమితిత్తిలా నా మొహం మీదకే ఊదుతోందన్నమాట. ఏడుపొచ్చింది నాకు.

కంపెనీకి రాస్తే, గ్యారంటీ బట్టకే, జిప్పు అరుగుదల కిందకి వస్తుందన్నారు. బట్ట ఎంత గొప్పదైతేనేం, మూత ఊడిపోయే డబ్బాకి గోడలు గట్టిగా ఉండి ఏం లాభం? టేపు అంటిస్తే వారానికి ఊడింది. కుడదామంటే సూది బెజ్జాలు పడతాయి. కొత్తది కొన్నాను. ఈసారి జిప్పు చివర లోపలివైపు మడత ఉండి, రన్నర్ దాని కింద దూరేది ఎంచుకున్నాను.

అప్పట్లో కవరే నయం చేసిందని చెప్పాను కానీ, అదే నెలలో దుప్పట్లూ గలీబులూ వారం వారం 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం మొదలుపెట్టాను. చల్లనీళ్లలో రేణువులు కొట్టుకుపోయినా మైట్లు చాలావరకు చావవు. పడకగదిలో తడిబట్టలు ఆరేయడమూ అప్పుడే మానేశాను. అందులో కవర్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ల మీద జరిగి 2003లో అచ్చయిన పెద్ద పరిశోధనలో ఒక్క కవర్లతో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. 2017లో పిల్లల మీద వచ్చిన దాంట్లో మాత్రం, ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి పరుగెత్తడం తగ్గింది.

కాబట్టి నా సిఫార్సు నాలాంటివాళ్లకే. నాకు పడనిది మైట్ ఒక్కటే, ఇంట్లో పిల్లీ కుక్కా లేవు, గదికి ఎండ తగులుతుంది. పిల్లి పడనివాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు, ఆ రేణువులు తేలిక, గదంతా గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. బీరువా వెనక గోడ చెమ్మగిల్లి బూజు వాసన వస్తుంటే ముందు ఆ డబ్బు గోడకి పెట్టండి.

కొత్త కవర్‌కి ఎనిమిది నెలలు. దుప్పటి మార్చినప్పుడల్లా జిప్పు పొడవునా బొటనవేలు నడిపి చూస్తున్నాను. మూల దగ్గర దుప్పటి బిగించి దోపడం మానేశాను, వదులుగానే వదిలేస్తున్నాను. ఇప్పటికి పళ్లు బిగువుగానే ఉన్నాయి.