రద్దీ లేని వేళ చూసుకుని రాయలసీమ తిరిగాం

ఎక్కడికి వెళ్ళాలో తర్వాత, ఎప్పుడు వెళ్ళాలో ముందు. మా ఇంట్లో ప్రయాణం అనగానే లెక్క ఇలాగే మొదలవుతుంది. గుంపులో నిలబడితే నాకు అరగంటకే తలనొప్పి పట్టుకుంటుంది. పైగా నాతో వచ్చేది మా అమ్మ, మోకాళ్ళ నొప్పుల మనిషి, వెనక నుంచి ఎవరైనా తోస్తుంటే ఒక్క మెట్టు దిగడానికి కూడా భయపడుతుంది. అందుకే వరుస సెలవులు, పండగలు, డిసెంబరు ఆఖరి వారం మేం ఇల్లు కదలం. లేపాక్షి, తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట, యాగంటి ఒక చుట్టు చుట్టి రావాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. మొన్న పంద్రాగస్టు సెలవుల హడావుడి తగ్గాక బయల్దేరాం.

ఆగస్టులో ఎందుకు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకూ కదా సీజన్ అన్నారు అందరూ. నిజమే, అప్పుడు చల్లగా ఉంటుంది. జనం మొత్తం అప్పుడే వస్తారు, డిసెంబరు, జనవరిల్లో స్కూలు పిల్లల టూర్ బస్సులు కూడా వస్తాయి కాబట్టి మామూలు పనిదినాలు కూడా ఖాళీగా ఉంటాయని చెప్పలేం. ఆగస్టు సంగతి వేరు. నైరుతి రుతుపవనాల తేమ చాలావరకు పడమటి కనుమల దగ్గరే కురిసిపోతుంది, సీమ వైపు ఎక్కువగా వచ్చేవి మబ్బు, గాలి. అప్పుడప్పుడు జల్లు పడుతుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది, కానీ ఏప్రిల్ ఎండ కాదు. శ్రావణ మాసం ఒక్కటే చూసుకోవాలి. గుళ్ళకు సోమ, శుక్ర, శనివారాలు పెట్టుకోకుండా మిగతా రోజుల్లోకి జరిపేశాం.

ముందు లేపాక్షి. ఇది బెంగళూరుకు 120 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్–బెంగళూరు హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లోపలికి తిరగాలి. ఆ దూరమే అక్కడి రద్దీని నడిపిస్తుంది. శని, ఆదివారాల్లో పొద్దున బెంగళూరులో టిఫిన్ చేసి బయల్దేరినవాళ్ళంతా పది, పదకొండు మధ్య ఒకేసారి దిగుతారు. మేం ముందురోజు రాత్రే హిందూపురంలో ఆగాం, అక్కడి నుంచి 15 కిలోమీటర్లే. గది మామూలుగానే ఉంది, రోడ్డు వైపు కాకుండా వెనక వైపు ఇమ్మని అడిగితే ఇచ్చారు, నిద్ర పట్టింది, అంతకన్నా ఇంకేం కావాలి. మంగళవారం పొద్దున్నే గుడికి వెళ్ళేసరికి లోపల అర్చకులు, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళు, ఊడుస్తున్న ఒక పెద్దాయన, మేము.

లేపాక్షి అనగానే అందరూ వేలాడే స్తంభం దగ్గరికే పరుగెడతారు. 70 దాకా ఉన్న స్తంభాల్లో ఒకటి నేలకు పూర్తిగా ఆనకుండా ఉంటుంది, కింద నుంచి గుడ్డ ఈ పక్క పెట్టి ఆ పక్క లాగుతారు. రద్దీ రోజున వెళ్ళినవాళ్ళకు ఆ వరుసలో నిలబడడంతోనే సరిపోతుంది. మేమూ నేరుగా అటే నడుస్తుంటే ఆ పెద్దాయన ఆపాడు. "ముందు పైకి చూడండమ్మా, స్తంభం యాడికీ పోదు. ఆదివారం అయితే ఈడ పైకి చూసేవాళ్ళే ఉండరు" అన్నాడు.

పైన ఉన్నది విజయనగర కాలపు చిత్రకళ. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు, కప్పుల మీద ఆ 16వ శతాబ్దపు బొమ్మలు ఇంకా ఉన్నాయి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ఒకచోట కప్పు నిండా పరుచుకున్న వీరభద్రుడు. ఎర్రమట్టి రంగు, పసుపు, నలుపు, తెలుపు. కొన్నిచోట్ల పెచ్చులు ఊడిపోయి సగం ముఖమే మిగిలింది. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలే చూసింది. ఒక్కో చీరకు ఒక్కో గళ్ళు, ఒక్కో చారలు, అంచు దగ్గర చిన్న చిన్న పూలు, కుచ్చెళ్ళు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. రెండు చీరలకు ఒకే డిజైన్ ఉందా అని వెతికింది, నాకూ చూపించి వెతికించింది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. గంట పైనే పట్టింది, ఒక్కరు కూడా పక్కకు జరగమనలేదు. ఏడు పడగల నాగలింగం, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం, ఊరు మొదట్లో ఒకే రాతి నంది అన్నీ తర్వాత చూశాం, అవీ బావున్నాయి, కానీ లేపాక్షి అంటే నాకు ఇకనుంచి ఆ కప్పు.

ఒక్క మాట చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కూడా ఇక్కడ జనం పలచగానే ఉంటారట. ఆ ఖాళీని నమ్ముకోవద్దు. చెప్పులు బయట వదిలి రాతి నేల మీద తిరగాలి, ఎండకు అరికాళ్ళు కాలతాయి.

తాడిపత్రికి వచ్చేసరికి వేళ లెక్క పెద్దగా అవసరం లేదు, ఇక్కడికి వచ్చే టూరిస్టులే తక్కువ. ఎందుకో నాకు అర్థం కాదు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్ళో చింతల వెంకటరమణ స్వామి గుడి, రెండూ గండికోటను ఏలిన పెమ్మసాని వాళ్ళ కాలానివి. బుగ్గ గుడి గోపురాలు పైదాకా పూర్తి కాలేదు, కానీ ఉన్నమేరకు రాయి మీద జానెడు జాగా కూడా వదలకుండా చెక్కారు. చింతల గుడిలో రథం ఆకారంలో రాతి మండపం ఉంటుంది, అలాంటిది చూడడానికి హంపిలో జనాన్ని తోసుకుంటూ వెళ్తాం, ఇక్కడ దాని చుట్టూ సాయంత్రం ఊరివాళ్ళు ప్రదక్షిణ చేసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. గుళ్ళు మధ్యాహ్నం మూసే ఊళ్ళలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకుంటే మధ్యలో పడుకోవచ్చు. తాడిపత్రిలో బస ఫర్వాలేదు, రైల్వే స్టేషనూ ఉంది, బెలుం ఇక్కడి నుంచి 30 కిలోమీటర్ల దూరంలోనే.

బెలుం గుహల్లో జనం ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా మన చర్మానికే తెలుస్తుంది. 3,229 మీటర్ల పొడవైన గుహలివి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980ల మొదట్లో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది, 2002 నుంచి టూరిజం వాళ్ళు దీపాలు, మెట్లు, గాలి పంపే యంత్రాలు పెట్టి జనాన్ని అనుమతిస్తున్నారు. మనం నడిచేది కిలోమీటరున్నర దాకా. లోపల ఉక్క. పైన ఎంత చల్లగా ఉన్నా లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు చొక్కా తడుస్తుంది. దానికి తోడు వందలమంది ఊపిరి తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొన్నిచోట్ల వంగి వెళ్ళాల్సినంత ఇరుకు, ఎదురుగా ఒక గుంపు వస్తే వాళ్ళు దాటేదాకా అలా వంగే నిలబడాలి.

అందుకే తలుపు తీసే వేళకే అక్కడ ఉన్నాం. లోపల మాకు ముందు ఒక్క కుటుంబమే ఉంది. సింహద్వారం దాటి, కోటిలింగాల దగ్గర ఆగి, పాతాళగంగ దాకా అమ్మ తనకు తోచినంత నెమ్మదిగా నడిచింది, మెట్టు మెట్టుకూ కమ్మీ పట్టుకుని. పాతాళగంగ దగ్గర గైడు మాటలు ఆపి, "వినండి" అన్నాడు. నీటి చుక్క రాయి మీద పడే శబ్దం. అరుపులు, ఈలలు ఉన్న రోజున అది వినిపించే అవకాశమే లేదు. తిరిగి పైకి వచ్చేటప్పుడు రెండు బస్సుల కాలేజీ పిల్లలు మెట్ల దగ్గర ఎదురయ్యారు, వాళ్ళ ఉత్సాహం వాళ్ళది, కానీ ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే అమ్మను కిందికి దింపేదాన్ని కాదు. ఊపిరి సమస్య ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు మొదటి గంటలోనే వెళ్ళండి, నీళ్ళ సీసా తప్పనిసరి.

గండికోట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రద్దీకి బాగా దెబ్బతింటున్న చోటు ఇదే. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, ఎర్రమల కొండల మధ్య పెన్న కోసుకుంటూ పోయిన లోయ, ఒడ్డున కోట. బస విషయంలో మూడు దారులున్నాయి. కోట దగ్గర్లో టూరిజం వాళ్ళ హరిత హోటల్, ప్రైవేటు టెంట్లు, లేదా జమ్మలమడుగులో లాడ్జి. గతంలో మా చెల్లెలితో ఒక వారాంతంలో టెంట్లో ఉన్నాను. ఫోనులో "పాటలు, స్పీకర్లు ఉంటాయా అన్నా" అని అడిగితే, "లేదు మేడం, ప్రశాంతంగా ఉంటది" అన్నాడు. రాత్రి పక్క గుంపువాళ్ళు స్పీకరు పెట్టి అర్ధరాత్రి దాటేదాకా ఆపలేదు, అడిగితే "వాళ్ళు పాతికమంది బుకింగ్ మేడం, ఏం చేయగలం" అన్నాడు. లోయ ఒడ్డున నక్షత్రాలు చూడాలని డబ్బు కట్టి వచ్చినవాళ్ళకు ఇది అన్యాయం, నాకు ఇప్పటికీ కోపమే. అందుకని ఇప్పుడు నేను అడిగే ప్రశ్న మార్చాను. "ఆ రోజు గ్రూప్ బుకింగ్ ఏమైనా ఉందా, ఎంతమంది?" అని అడుగుతాను. పాటలుంటాయా అంటే లేదనేస్తారు, ఎంతమంది వస్తున్నారంటే మాత్రం సాధారణంగా నిజమే చెప్తారు.

ఈసారి హరితలో దిగాం. బుధవారం, గదులు సగానికి పైగా ఖాళీ. గది విశాలంగా ఉంది, వేడినీళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చాయి, మంచం, పక్క శుభ్రం. ఖాళీ రోజుల్లో ఒక ఇబ్బంది ఉంది, మెనూలో ఉన్నవన్నీ వండరు. రాత్రి భోజనం సాయంత్రమే చెప్పేయాలి, లేకపోతే పప్పు, గుడ్డుతోనే సరి. మేం ముందే చెప్పాం, వేడిగా చేసి పెట్టారు. ఉడికించిన కూరలో నూనె తగ్గించమంటే తగ్గించారు కూడా. జనం లేనప్పుడు పనిచేసేవాళ్ళకు మన మాట వినే తీరిక ఉంటుంది, ఇది నేను చాలాచోట్ల చూశాను.

సూర్యోదయానికి అందరూ లోయ ఒడ్డుకే వెళ్తారు, వారం మధ్యలో కూడా కొందరు ఉంటారు. మేం ఆ వేళకు వెళ్ళలేదు. సూర్యుడు పైకి వచ్చి, ఫొటోలు అయిపోయి, అందరూ టిఫిన్‌కు వెనక్కి మళ్ళేటప్పుడు మేం ఎదురు వెళ్ళాం. ఏడున్నర తర్వాత ఒడ్డు ఖాళీ. అప్పుడే ఎండ రాతి గోడల మీద పడి పొరలు పొరలుగా ఎర్రగా కనిపిస్తాయి, తెల్లవారుజామున ఆ గోడలు నీడలోనే ఉంటాయి. నన్నడిగితే అసలు చూడాల్సిన వేళ ఇదే. తర్వాత జామా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి తీరిగ్గా చూసుకోవచ్చు, మబ్బు పడితే పదకొండు దాకా తిరగొచ్చు. కోట లోపల ఊరు ఉంది, మనుషులు కాపురాలుంటున్నారు, వాళ్ళ ఇళ్ళ ముందు నుంచే దారి. వారాంతాల్లో ఆ ఇరుకు దారిలో కార్లు హారన్లు కొడుతుంటే వాళ్ళకెలా ఉంటుందో కూడా ఆలోచించాలి కదా.

ఆడవాళ్ళం ఇద్దరమే, అంత ఖాళీగా ఉంటే భయం వేయలేదా అని మా పిన్ని అడిగింది. మంచి ప్రశ్నే. ప్రశాంతంగా ఉన్న చోటు వేరు, నిర్మానుష్యంగా ఉన్న చోటు వేరు. ఊరివాళ్ళు తిరుగుతున్నంతసేపు నాకు ధైర్యం, చీకటి పడేముందే కోటలోంచి బయటికి వచ్చేశాం. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు, గాలి బలంగా వీస్తుంది, మబ్బు రోజున రాళ్ళు జారతాయి. పిలిస్తే పలికేవాళ్ళు లేనప్పుడు అంచు దాకా వెళ్ళకండి. కోతులు కూడా, చేతిలో కవరు ఉంటే వదలవు.

బండి లేనివాళ్ళకు మాత్రం ఈ పద్ధతి కష్టమే. రద్దీ లేని రోజున షేర్ ఆటోలు నిండవు, నిండకపోతే కదలవు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో మొదలయ్యాక జమ్మలమడుగుకూ, యాగంటి దగ్గరి బనగానపల్లెకూ రైలు వచ్చింది కానీ రోజుకు తిరిగేవి తక్కువ, వేళలు ముందే చూసుకోండి. మేం జమ్మలమడుగు నుంచి కారు మాట్లాడుకుని, వెయిటింగ్ కూడా కలిపి బేరం చేసుకున్నాం. వెనక్కి ఎలా వెళ్తామన్న టెన్షన్ ఉంటే చూసే చోట మనసు నిలవదు.

చివరగా యాగంటి, గురువారం. కొండ గోడల మధ్య ఉమామహేశ్వరాలయం, కొండలోంచి వచ్చి పడే నీళ్ళతో పుష్కరిణి, పెరుగుతున్నాడని నమ్మే బసవన్న. పుష్కరిణి మెట్ల మీద అమ్మ చాలాసేపు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. అగస్త్యుల గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, నేనొక్కదాన్నే ఎక్కి వచ్చాను. ఇక్కడ కార్తీక సోమవారాలు, శివరాత్రి వేళ జనం విపరీతం.

అమ్మకు మాత్రం కార్తీకంలోనే మళ్ళీ రావాలని ఉంది, ఆ దీపాలు చూడాలంట, సోమవారం అయితేనే పుణ్యం అంటోంది. చాలా వాదన అయ్యాక కార్తీకం సరే, సోమవారం వద్దు, బుధవారం అన్నదానికి ఒప్పుకుంది. ముందురోజు రాత్రికి బనగానపల్లె చేరుకుని తెల్లవారకముందే కొండ దగ్గర ఉండాలని అనుకుంటున్నాం. అక్కడ కింది అంతస్తులో గది ఇచ్చే, రోడ్డు శబ్దం లేని లాడ్జి మీలో ఎవరైనా దిగి చూసి ఉంటే చెప్పండి.