మస్టాంగ్‌లో షెవీ ఇంజన్: ఆరేళ్లు, 41 వేల మైళ్ల తర్వాత

ముందే చెప్పేస్తా, ఆరేళ్లలో ఈ ఇంజన్ వల్ల నేను ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగలేదు. ఆగిన నాలుగుసార్లూ దాని చుట్టూ తగిలించిన సామాను వల్లే.

బండి 1991 ఫోర్డ్ మస్టాంగ్, ఆ తరం మస్టాంగ్‌లను ఫాక్స్ బాడీ అంటారే, అది. మేముండేది డాలస్ దగ్గర. కొన్నప్పుడు అందులో ఉన్నది ఫోర్డ్ 302, అందరూ ఫైవ్ ఓ అని ముద్దుగా పిలిచే 5.0 లీటర్ల వీ8, కాగితం మీద 225 హార్స్‌పవర్. రెండు లక్షల మైళ్లకు దగ్గరపడి రింగులు అరిగిపోయి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పక్కింటి వాళ్లు కిటికీలు మూసుకునేంత నీలం పొగ. రీబిల్డ్‌కు ఎంతవుతుందో కనుక్కుంటున్న రోజుల్లోనే జంక్‌యార్డ్‌లో 2004 షెవీ (షెవ్రొలే) సిల్వరాడో ట్రక్కు ఇంజన్ వైరింగ్, కంప్యూటర్‌తో సహా 900 డాలర్లకు దొరికింది. షెవీ యజమాని జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ల 5.3 లీటర్ల ఎల్ఎం7, ఎల్ఎస్ అనే రకంలోది, ఇనుప బ్లాక్, 295 హార్స్‌పవర్. ఇంక ఆగలేదు.

ఫోర్డ్ బండిలో షెవీ ఇంజన్ పెట్టడం ఇక్కడ ఎంత పెద్ద నేరమో మనవాళ్లకు చెప్పాలంటే, ఒక హీరో అభిమాన సంఘం ఆఫీసులో ఇంకో హీరో కటౌట్ పెట్టినట్టు. ఒక శనివారం పాత కార్లవాళ్లంతా చేరేచోట బోనెట్ ఎత్తితే ఒక పెద్దాయన తొంగిచూసి, ఏమీ అనకుండా కాఫీ కప్పు పట్టుకుని వెళ్లిపోయాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

మిగతావాళ్లు మాత్రం వాదిస్తారు. అందరిదీ ఒకటే మాట, అంత కావాలంటే ఫోర్డ్‌దే కొత్త తరం వీ8, కొయోటీ పెట్టుకోవచ్చుగా అని. కొయోటీ మంచి ఇంజనే, 2011 మస్టాంగ్‌లో వచ్చినప్పుడే 412 హార్స్‌పవర్. కానీ దానికి వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లు నాలుగు, అవన్నీ సిలిండర్ హెడ్‌ల మీద కూర్చుంటాయి కాబట్టి ఇంజన్ బాగా వెడల్పు, ఫాక్స్ బాడీలో పెడితే బ్రేక్ బూస్టర్‌కే చోటు చాలదు. ఎల్ఎస్ రకానికి ఒక్కటే క్యామ్, అదీ బ్లాక్ మధ్యలో, పుష్‌రాడ్‌లతో వాల్వులు తెరుస్తుంది. పాతకాలపు పద్ధతి అని వెక్కిరిస్తారు గానీ ఆ పద్ధతి వల్లే సైజు చిన్నది, దొరికిన ప్రతి బండిలోనూ దూరిపోతుంది. పైగా కొయోటీ ఖరీదు. దానికి నేను పెట్టిన 900 ఏ మూలకీ రాదు.

ఇంక కల్తీ సంగతి. రక్తం కలిసిపోయిందని బాధపడే ఫోర్డ్ అభిమానులకు నేను చెప్పేది ఒక్కటే, 2018 మస్టాంగ్‌లోని 10 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఫోర్డ్, జీఎం కలిసే రూపొందించాయి, దాని అన్నదమ్ముడే మస్టాంగ్‌కు పోటీగా షెవీ అమ్మిన కమారోలోనూ వచ్చింది. విజయవాడలో మా నాన్న స్విఫ్ట్ డీజిల్‌ను పదేళ్లు నడిపారు, అందులో ఉన్నది ఫియట్ 1.3 ఇంజన్, అదే టాటా విస్టాలోనూ వచ్చింది. ఆయన రక్తసంబంధాల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, మైలేజీ చూసుకున్నారు, అంతే.

సరే, అసలు కష్టాలు. ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతెక్కువ, 1998–2002 కమారోది వేయాలి. పాత టీ5 గేర్‌బాక్స్ ఈ టార్క్‌కు ఎక్కువకాలం నిలవదని కమారో టీ56 ఆరు గేర్లది కొన్నా. 302కి పెట్రోల్ ప్రెషర్ సుమారు 39 పీఎస్ఐ చాలు, దీనికి 58 కావాలి, కాబట్టి కొత్త పంపు, ప్రెషర్ రెగ్యులేటర్ లోపలే ఉండే ఫిల్టర్, షెవీ కార్వెట్ (సీ5) కారుది. నాలుగు వేల డాలర్లలో అయిపోతుందని ఇంట్లో చెప్పా, 7,400 అయింది.

అన్నిటికంటే ఏడిపించింది వైరింగ్. కోసి చిన్నది చేయమని ఒక షాపుకిచ్చా. ఆ తర్వాత సిగ్నల్ దగ్గర ఊరికే ఆగిపోవడం, ఐదు నిమిషాలకు మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవడం. సెన్సర్లు మార్చా, పంపు మార్చా, కంప్యూటర్ కూడా మార్చా. మూడు నెలల తర్వాత తేలిందేంటంటే ఎర్త్ వైరును పెయింట్ గీకకుండా బాడీకి బిగించారు. వేడెక్కితే పట్టు వదిలేస్తోంది. ఉప్పు కాగితం ముక్కతో రెండు నిమిషాల పని! ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ముందు ఎర్త్‌లు చూడండి, తర్వాతే పర్సు తీయండి.

ఏసీ కూడా అంతే. ట్రక్కు కంప్రెసర్ కిందకు ఉంటుంది, ఫ్రేమ్‌కు తగులుతుంది. వేరే బ్రాకెట్ కొనేదాకా రెండు టెక్సాస్ ఎండాకాలాలు ఏసీ లేకుండా నడిపా. "మీరు దాంట్లో రండి, నేను పిల్లల్ని తీసుకుని నా కార్లో వస్తా" అని మా ఆవిడ నా కంటే ముందే ఫంక్షన్లకు వెళ్లిపోయేది.

సామాన్ల షాపులో "ఏ బండికి?" అంటే జవాబు చెప్పడం ఒక కళ. వాటర్ పంప్ సిల్వరాడోకి, క్లచ్ కమారోకి, బ్రేక్ ప్యాడ్లు మస్టాంగ్‌కి. డాష్‌బోర్డు అరలో ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా, ఏ భాగం ఏ బండిదో అందులో ఉంటుంది.

ఇంజన్ వరకైతే ఆయిల్, ప్లగ్గులు, ఒక వాటర్ పంప్, ఆరేళ్లలో అంతే. ఆరో గేర్లో హైవే మీద గ్యాలన్‌కు 24 మైళ్లు, అంటే లీటరుకు 10 కిలోమీటర్లు. ఒక్కటి మాత్రం పోయింది, శబ్దం. ఫైవ్ ఓ గుడగుడ వేరు, దీనిది వేరు. దూరంగా ఇంకో ఫాక్స్ బాడీ వెళ్తుంటే ఇప్పటికీ తలతిప్పి చూస్తా.

హైదరాబాద్ స్నేహితులు అడుగుతుంటారు, అక్కడ చేయొచ్చా అని. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు కాబట్టి నాకు చెల్లింది. కాలిఫోర్నియాలో అయితే కష్టం. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆశ పెట్టుకోకండి.

తుప్పు లేని, అన్నీ ఒరిజినల్‌గా ఉన్న ఫాక్స్ బాడీ చేతికొస్తే నేనూ ఈ పని చేయను. నాది అప్పటికే ముగ్గురి చేతుల్లో నలిగిన బండి. ఇంకా మిగిలిన పని స్పీడోమీటర్. పాత మస్టాంగ్‌ది కేబుల్‌తో తిరిగేది, నేను కొన్న గేర్‌బాక్స్‌లో ఆ కేబుల్ తగిలించే చోటే లేదు, ముల్లు ఆరేళ్లుగా సున్నా మీదే ఉంది. ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ నడుపుతున్నా. పైన రాసిన 41 వేల మైళ్లు కూడా ఫోన్లో చూసి ఆ నోట్‌బుక్‌లో వెనక పేజీల్లో రాసుకున్న లెక్కే.